మీ ఇల్లు మాకు తెలుసు

ఆ కొట్లో అడుగు పెట్టగానే ముందు చల్లగాలి తగులుతుంది, ఆ తర్వాత నవ్వులు తగులుతాయి. తలుపు దగ్గర ఒక నవ్వు, కుర్చీ జరిపేవాడిది ఒక నవ్వు, మంచినీళ్ళ గ్లాసుతో వచ్చేవాడిది ఇంకొకటి. ఆ నవ్వులన్నీ జీతానికి నవ్వేవని, బిల్లు చేతికి రాగానే వాటి డ్యూటీ దిగిపోతుందని తెలియాలంటే, కొన్న వస్తువును పట్టుకుని మళ్ళీ అదే తలుపులోంచి లోపలికి వెళ్ళి చూడాలి. సూదమ్మ అలా వెళ్ళింది.

సూదమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆవిడ పెద్దాసుపత్రిలో పరీక్షలకు రక్తం తీసే ఉద్యోగి. ఏడ్చే పిల్లలు, నరం దొరకని ముసలివాళ్ళు కూడా ఆవిడ దగ్గరైతే చెయ్యి చాపుతారు. "అయిపోయిందా? గుచ్చారా?" అని అడుగుతారు. అంత తేలిక చెయ్యి. వార్డువాళ్ళు ముద్దుగా పెట్టిన పేరు అలా నిలిచిపోయింది.

అత్తగారికి చన్నీళ్ళు పడవని ఆ కొట్లో నీళ్ళ హీటరు కొన్నారు. వారం తిరక్కుండా ఒక ఉదయం కుళాయి తిప్పబోయి అత్తగారు షాక్ కొట్టి స్నానాలగదిలో విసిరేసినట్టు పడింది. మోచెయ్యి గుమ్మడికాయంత వాచింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంటి వైరింగంతా చూసి, "మీ ఇంట్లో తప్పేమీ లేదమ్మా, సామానులోనే ఉంది. దీన్ని ఇంట్లో ఉంచుకోకండి" అని ఊడదీసి అట్టపెట్టెలో పెట్టిచ్చాడు.

సెలవురోజు చూసుకుని మొగుడూ పెళ్ళాలు ఆ పెట్టె పట్టుకుని కొట్టుకు వెళ్ళారు. ఆ మొగుడుగారు బీమా ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే మంత్రుల్ని కూడా ఏకవచనంలో కడిగిపారేసే మనిషి. బయట గట్టిగా తుమ్మడానికి కూడా నలుగురివంక చూస్తాడు.

"ఇది షాక్ కొడుతోంది బాబూ. మా అత్తగారు పడిపోయారు. వెనక్కి తీసుకోండి" అంది సూదమ్మ.

ఫ్లోర్ సూపర్‌వైజరు వచ్చాడు. మెరిసే బూట్లు, మెడకు టై, చెవిలో ఫోను. హీటరు కొన్నరోజు ఆవిణ్ణి "అక్కా" అని పిలిచినవాడు ఇతడే. పెట్టె వంక చూడనైనా చూడలేదు.

"వాడిన సామాను వాపసు తీసుకోం మేడమ్."

"వాడకపోతే షాక్ కొడుతుందని ఎలా తెలుస్తుంది?"

"మీ ఇంట్లో వైరింగు సరిగ్గా లేకపోతే మేమేం చేస్తాం?"

"మా వైరింగు బాగానే ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. మీ మనిషిని పంపించి చూసుకోండి. లేదా నేను వినియోగదారుల కోర్టుకు వెళతాను."

కోర్టు అన్న మాట చెవిన పడగానే అతని ముఖం మారింది. ఒక అడుగు ముందుకు వేశాడు. గొంతు పెంచలేదు. పెంచకపోవడమే భయంకరం.

"వెళ్ళు. మీ ఇల్లు మాకు తెలుసు. మధ్యాహ్నం ఆ ముసలావిడ ఒక్కతే ఉంటుందని కూడా తెలుసు. బాత్రూములో ఒకసారి పడింది. ఈసారి గుమ్మంలో పడుద్ది. పెట్టె తీసుకుని పో."

హీటరు కొన్నరోజు, డెలివరీకి ఎప్పుడు రమ్మంటారని కొట్లో అడిగితే, "మధ్యాహ్నం ఎప్పుడైనా రండి నాయనా, మా అత్తగారు ఇంట్లోనే ఉంటారు" అని సూదమ్మే మంచితనంగా చెప్పింది. ఆ మంచితనమే ఇప్పుడు కత్తిలా ఆవిడ మీదికే తిరిగింది.

చుట్టుపక్కల కొనుగోలుదారులు నిలబడే ఉన్నారు. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలవాళ్ళు, పిల్లలకు నీతులు చెప్పేవాళ్ళు. అందరూ విన్నారు. విన్నామని ఎవరికీ తెలియకూడదన్నట్టు ఒకాయన ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలి అరలు పరీక్షించడం మొదలుపెట్టాడు. ఒకావిడ మిక్సీ ధర చీటీని పురాణం చదివినట్టు చదివింది. పౌరుషం మాట అటుంచితే, సిగ్గు కూడా లేని జనం. ఇక గుమాస్తాగారు? ఆయన గోడమీది పెద్ద టీవీల్లో ఈదుతున్న రంగురంగుల చేపల్ని తదేకంగా చూస్తున్నాడు.

సూదమ్మ పెట్టె ఎత్తుకుని బయటికి నడిచింది.

"వెధవతో మనకెందుకులే" అన్నాడాయన వీధి మలుపు తిరిగాక. వెధవ అనడానికి ఆయనకు ఆ మలుపు కావలసివచ్చింది.

ఇంటికి వచ్చాక ఆ సంగతి తల్లికి చెప్పింది కూడా ఆయనే. చెప్పకుండా ఉండే గట్టితనమూ లేదు. ఆరోజునుంచి అత్తగారు కిటికీ దగ్గరి కుర్చీని లోపలిగదిలోకి జరిపించింది. గంట మోగితే పలకడం మానేసింది. పక్కింటావిడ పిలిచినా, "ఎవరూ?" అని లోపలినుంచే మూడునాలుగుసార్లు అడిగేది. వీధిలో పోయే ప్రతివాణ్ణీ పలకరించే మనిషి, మధ్యాహ్నాలన్నీ గడియ పెట్టుకుని కూర్చునేది. ఆడపడుచు ఫోను చేసి, "ఇంకో హీటరు కొనుక్కుంటే పోయేదానికి వదిన ఎందుకంత రాద్ధాంతం చేసింది?" అంది. బెదిరించినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మన ఇళ్ళలో అదొక అలవాటు. దెబ్బ కొట్టినవాణ్ణి వదిలేసి, కేక వేసినవాళ్ళకు బుద్ధులు చెబుతాం.

సూదమ్మ కూడా నోరు మూసుకుంది. కానీ చెయ్యి ఊరుకోలేదు. ఒక ఉదయం ఆసుపత్రిలో మొదటి గుచ్చుకు నరం తప్పింది. రెండో గుచ్చుకూ తప్పింది. చాపిన ఆ చెయ్యి ఒక ప్లీడరమ్మది. చక్కెర జబ్బు పరీక్షకు ఎప్పుడూ సూదమ్మ దగ్గరికే వచ్చే పెద్దమనిషి.

"నా నరానికేమీ కాలేదు. నీ చేతికేమయిందో చెప్పు" అందావిడ.

చెప్పింది. చెబుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి. ప్లీడరమ్మ ఓదార్చలేదు. మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, "ఎన్నాళ్ళయింది?" అంది.

"పదిరోజులు కావొస్తోందండీ."

"పదిరోజులూ ఏం చేశావు?"

"ఏం చేస్తానండీ? కొట్టలేదు కదా. ఉత్త మాటేగా."

"ఉత్త మాట!" ప్లీడరమ్మ పెదవి విరిచింది. "మీ ఇంటికొచ్చి మీ ముసలమ్మను పడేస్తానన్నాడు. అది నేరమమ్మాయ్. కొట్టేదాకా ఆగాలని ఎవరు చెప్పారు నీకు? ముందు వాడన్న మాటలు వాడన్నట్టుగానే రాసిపెట్టుకో. నీ ఏడుపు కలపకు, తిట్లు కలపకు. ఏ రోజు, ఏ వేళ, పక్కన ఎవరున్నారు, అదీ రాయి. ఇవాళే కొట్టు యజమానికి రిజిస్టరు పోస్టులో పంపించు, ఆరోజు కెమెరాల్లో పడింది చెరపొద్దని. వాళ్ళు మరిచిపోయినట్టు నటించి చెరిపేస్తారు. తర్వాత స్టేషనుకెళ్ళు."

"స్టేషన్లో తీసుకోకపోతే?"

"మొదట తీసుకోరు. పై అధికారికి పోస్టు చెయ్యి. అక్కడా కదలకపోతే తిన్నగా మేజిస్ట్రేటు ముందుకే వెళ్ళొచ్చు. హీటరు సంగతికి వినియోగదారుల కోర్టు వేరే ఉంది, అదీ వేద్దాం. అన్నట్టు, మీ ఆయన్నో తమ్ముణ్ణో వెంటేసుకెళ్ళి వాణ్ణి బెదిరించకు. ఫోన్లో బూతులు పెట్టకు. అప్పుడు నువ్వూ వాడూ ఒకటే అయిపోతారు."

"మీ ఫీజూ..."

"నాకివ్వలేకపోతే కోర్టులోనే ఉచితంగా ప్లీడర్ని ఇస్తారు. అడిగే దిక్కులేక వాళ్ళు ఈగలు తోలుకుంటున్నారు. ముందు ఈ రక్తం తియ్యి, ఆకలేస్తోంది."

ఈసారి సూది తిన్నగా దిగింది.

కొట్టు యజమానికి రిజిస్టరు పోస్టు పంపించి, ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదీ ముగ్గురూ స్టేషనుకు వెళ్ళారు. ఇంట్లో ఒక్కతే ఉండనని అత్తగారు కూడా బయలుదేరింది. హెడ్ కానిస్టేబులు ఫిర్యాదు కాగితం చదివి, ఆవలించి, బల్లమీద పడేశాడు.

"కొట్టాడా?"

"లేదండీ" అంది సూదమ్మ.

"చెయ్యి పట్టుకున్నాడా?"

"లేదు."

"మరి కేసేముందమ్మా ఇందులో? పెద్ద కొట్టు, వాళ్ళతో పెట్టుకుంటే తిరగలేక చస్తారు. పిలిపించి సారీ చెప్పిస్తా, పొండి."

"సారీ వద్దండీ. కాగితం తీసుకుని రసీదు ఇవ్వండి. తీసుకోనంటే ఎందుకు తీసుకోవట్లేదో దీనిమీదే రాసి సంతకం పెట్టండి. పైవాళ్ళకు పంపుకుంటాను."

హెడ్డు వీపు నిటారయింది. రసీదు పుస్తకం బయటికి రాలేదుగాని, చూపు గుమాస్తాగారి మీదికి మళ్ళింది.

"మీరున్నారా అక్కడ? మీ చెవులతో విన్నారా?"

గుమాస్తాగారు నీళ్ళు నమిలాడు. "అంటే... నేను కొంచెం పక్కగా..."

"ఒరే!" అంది తల్లి, వాచిన మోచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "నీ పెళ్ళాం అంత పెద్ద కొట్లో ఒక్కతే నిలబడి మాట్లాడింది. ఇప్పుడు నిన్ను అడుగుతున్నది పోలీసు. కొట్టడు. విన్నావా, లేదా?"

స్టేషన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తాగారి చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తాడు.

"విన్నానండీ. అంతా విన్నాను. ఈసారి గుమ్మంలో పడుద్ది అన్నాడు. మా అమ్మను అన్నాడు. నేను... టీవీ చూస్తున్నట్టు నటించాను."

ఆ చివరి మాట సాక్ష్యానికి అవసరం లేదు. అయినా చెప్పాడు. ఆ మనిషి నోటినుంచి సూదమ్మ విన్న మొదటి మగతనపు మాట అదే. హెడ్డు విసుక్కుంటూనే రాసుకున్నాడు. రసీదు ఇచ్చాడు.

ఫిర్యాదు అందిందని తెలిసిన రెండోరోజే కొట్టు మేనేజరు ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో పూలగుత్తి, వెనకాల కూలివాడి నెత్తిన కొత్త హీటరు. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"ఆ సూపర్‌వైజర్ని తీసేశాం మేడమ్! మా సంస్థ విలువలకు అలాంటివాళ్ళు సరిపోరు. మీరొక్క సంతకం పెడితే గొడవ ఇంతటితో..."

"మా అత్తగారు మధ్యాహ్నం ఒక్కతే ఉంటారని అతనికెలా తెలిసింది?"

"డెలివరీ వివరాలు సిబ్బంది అందరికీ కనిపిస్తాయి మేడమ్. మీ సౌకర్యం కోసమే."

"ఇంతకుముందు ఎవరినైనా ఇలా అన్నాడా?"

"ఛ ఛ! మంచి పనివాడు మేడమ్. వాపసులు తగ్గించినందుకు పోయినేడు మేమే స్టేజీ ఎక్కించి శాలువా..." అని నాలిక్కరుచుకున్నాడు.

సూదమ్మకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆవిడ ఒక్క టైవాణ్ణే తిట్టుకుంది. వాడు ఒట్టి కుక్క. గొలుసు పట్టుకున్నవాడు పూలగుత్తితో ఎదురుగా నిలబడి ఉన్నాడు. మనుషుల్ని ఎలా తోలేశావని అడగకుండా, ఎంతమందిని తోలేశావని లెక్కచూసి శాలువా కప్పినవాళ్ళు, ఆ పని బయటపడగానే వాణ్ణి పాత చెప్పులా విసిరేసి విలువల గురించి మాట్లాడుతున్నారు. బెదిరించినవాడికంటే వీళ్ళే నీచమనిపించింది.

"హీటరు తీసుకెళ్ళండి. పూలు కూడా. ఇకనుంచి ఏం మాట్లాడాలన్నా మా ప్లీడరుగారితో మాట్లాడండి. మళ్ళీ మా గుమ్మం ఎక్కితే అది కూడా రాసిస్తాను."

కేసు చకచకా నడిచిందని చెబితే అబద్ధమే అవుతుంది. వాయిదాలు పడ్డాయి. కొట్టు తరపు వకీలు, "క్షణికావేశంలో అన్న మాట" అన్నాడు. కెమెరాలో బొమ్మ మాత్రమే ఉంది, మాట లేదన్నాడు. కానీ బొమ్మలో సూపర్‌వైజరు ముందుకు రావడం, ఆవిడ వెనక్కి తగ్గడం, పక్కవాళ్ళు ముఖాలు తిప్పుకోవడం శుభ్రంగా కనిపించాయి. గుమాస్తాగారు బోనెక్కి, వణుకుతూనే, అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. సూపర్‌వైజరుకు జరిమానా పడింది. ఆ కుటుంబం జోలికి వెళ్ళనని పూచీకత్తు రాసిచ్చాడు. వినియోగదారుల కోర్టు హీటరు డబ్బు, వైద్యానికైన డబ్బు కొట్టుచేత కట్టించింది. కొన్నవాళ్ళ ఇంటి వివరాలు డెలివరీ అయ్యాక సిబ్బందికి కనిపించకూడదని ఆదేశించింది.

ఆ సంగతి పత్రికలో చిన్నముక్కగా పడ్డాక మొదలైంది అసలు తమాషా. ఆసుపత్రిలో, వీధిలో, ఆఖరికి గుమాస్తాగారి ఆఫీసులో, జనం వచ్చి చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. "మాక్కూడా అలాగే అన్నాడమ్మా. మా పాప బడి పేరు చెప్పాడు." "మా ఆయన ఊళ్ళో లేడని తెలుసన్నాడు." "మేమూ ఊరుకున్నాం, పెద్దవాళ్ళతో ఎందుకని." అలా చెప్పినవాళ్ళలో, రాద్ధాంతమెందుకన్న ఆడపడుచు కూడా ఉంది. వాళ్ళ గొంతుల్లో మెప్పు ఉంది, కొంచెం గర్వం కూడా ఉంది, తామేదో యుద్ధంలో పాల్గొన్నట్టు.

మొదట సూదమ్మకు ఒళ్ళు మండింది. వీళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ముందే ఒక కాగితం రాసిచ్చివుంటే, అత్తగారు అన్ని మధ్యాహ్నాలు గడియ వెనక బిక్కుబిక్కుమంటూ కూర్చునేది కాదు. తర్వాత తను ఊరుకున్న పదిరోజులు గుర్తొచ్చాయి. ఆ పదిరోజుల్లో అదే కొట్లో అదే నోట ఇంకెవరు ఏం విన్నారో.

మరోసారి పరీక్షకు వచ్చినప్పుడు ప్లీడరమ్మతో ఆ మాటే అంది. గదిలో రక్తమివ్వడానికి వచ్చినవాళ్ళు బల్లలమీద కూర్చుని వింటున్నారు. ప్లీడరమ్మ జాకెట్టు చెయ్యి దించుకుని, అందరికీ వినబడేటట్టే చెప్పింది:

"ఆ సూపర్‌వైజరుకు ధైర్యం పుట్టుకతో రాలేదు. మింగి ఊరుకున్నవాళ్ళందరూ తలా కాస్త ఇచ్చారు. చట్టం మీ ఇంటికి నడిచిరాదు, మీరే వెళ్ళి తలుపు తట్టాలి. మీరు మింగేసిన ప్రతి బెదిరింపూ మీ వెనక వరసలో నిలబడ్డ మనిషికి తగులుతుంది. కాబట్టి విన్నది విన్నట్టు రాయండి, సంతకం పెట్టండి, రసీదు తీసుకోండి."