మూడో లైను

ఆసుపత్రి కంప్యూటరుకి నేను రాసిన కమాండులో మూడు లైన్లు. ఏ పట్టికలో, ఏం మార్చాలి, ఎవరికి మార్చాలి. మూడింటినీ మౌసుతో సెలెక్ట్ చేసి నడపాలి. నేను పై రెండే చేశాను, 'ఎవరికి' అన్న మూడోది వదిలేశాను. డాక్టరుగారు అడిగింది ఒక్క రోగి సంగతి: అలర్జీ గడిలో పొరపాటున ఎక్కిన మందు పేరు తీసేసి 'లేదు' అని పెట్టమన్నారు, అంతే. స్క్రీను మీద జవాబొచ్చింది: పన్నెండు వేల ఆరువందల నలభై మంది వివరాలు మారాయి.

టైము పదకొండూ ఇరవై.

ఇప్పుడీ ఆసుపత్రిలో ఏ నర్సు చూసినా, అందరికీ అన్ని మందులూ పడతాయనే కనిపిస్తుంది.

వెంటనే వార్డులకు ఫోన్లు చేయాలా వద్దా? చేయలేదు. పోయిన నెల మా పక్క సీటావిడ ఇదే తప్పు చేసింది. అదీ ఉత్తుత్తి వివరాలతో పరీక్షలకు వాడుకునే డేటాబేసులో. "కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అని అందరి ముందూ ఆవిణ్ణి కడిగిపారేసింది ఎవరనుకున్నారు? నేనే. ఆవిడ బాత్‌రూములో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఆవిడ వైపు తల తిప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

పొద్దున తీసిన బ్యాకప్ ఉంది. అందులోంచి ఆ ఒక్క పట్టికా తెచ్చి పెట్టేస్తే మూడో కంటికి తెలియదు. మొదలుపెట్టాను. పది శాతం. పదిహేను. "కదలవే తల్లీ, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలాను. ఇరవై రెండు దగ్గర మొండికేసింది. సిగ్గులేకుండా ఇంకా చూస్తూ కూర్చున్నాను.

పదకొండూ ముప్పై ఒకటికి ఇక నావల్ల కాలేదు. పైఅంతస్తు వార్డుకు ఫోన్ చేశాను. అక్కడ హెడ్ నర్సు మా వదినే.

"ఏమ్మా ఆడపడుచూ, డ్యూటీలో గుర్తొచ్చానే! సూర్యుడు ఎటు పొడిచాడు?"

"వదినా, స్క్రీనులో అలర్జీ గడి నమ్మొద్దు. నేనే పాడుచేశాను. మందులు ఆపించు. ప్రతి మంచం దగ్గరా నోటితో అడగండి."

వదిన నవ్వు ఆగిపోయింది.

"ఏడో మంచం పెద్దాయనకి ఇంజెక్షన్ ఇచ్చానే! స్క్రీను చూసే ఇచ్చాను. నాలుగు నిమిషాలైంది..."

రిసీవరు బల్లకు కొట్టుకున్న చప్పుడు. పరిగెడుతున్న చెప్పులు. "డాక్టర్ని పిలవండి, ఊపిరాడట్లేదు!" అని వదిన కేక. ఎవరో ఆడపిల్ల "నాన్నా, నాన్నా" అంటోంది.

పక్కకి తిరిగాను. "కొంప ముంచేశానండీ," అన్నాను పక్క సీటావిడతో. జరిగింది చెప్పాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. అననందుకే ఏడుపొచ్చింది.

"మిగతా వార్డులకి నేను చెప్తాను. మీరు లైను పెట్టేయకండి," అంది తన ఫోను అందుకుంటూ.

పెట్టేయలేదు. అవతల ఆ పిల్ల ఇంకా పిలుస్తూనే ఉంది. ఆయనకు ఇంజెక్షన్ ఇచ్చింది పదకొండూ ఇరవై ఏడుకి. అప్పటికి నా తప్పు నాకు తెలిసి ఏడు నిమిషాలైంది.