మూసిన రెప్పల మీద

ప్రదర్శన హాలులో ఫోటోల గోడ వాళ్లు నా పటాలను రంగుల బొమ్మలన్నారు. బొమ్మల గోడ వాళ్లు అవి ఫోటోలే కదా, పైన రంగు పూసినంత మాత్రాన చిత్రకారుడివి ఎట్లా అవుతావన్నారు. చివరికి కళా సంఘం కార్యదర్శి రామలింగయ్య రెండు గోడలకూ నడుమ, కిటికీ పక్కన మిగిలిన చిన్న గోడ చూపించాడు.

"ఈడ పెట్టుకో గుండయ్యా. ఎవ్వరితోని లొల్లి ఉండదు" అన్నాడు.

అదే చాలనుకున్నాను. పత్తర్‌గట్టి స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా రంగులు వేస్తున్నాను. ప్రతి పటం కింద మూలన యజమాని సంతకమే ఉంటుంది. నాలుగో తరగతితో బడి మానేసినవాడికి సంతకమెందుకని ఆయన పైకి అనడు. అనాల్సిన పని కూడా లేదు. ఈ సంఘం ఏటా శాలిబండ హాలులో ఫోటోలూ చిత్రాలూ ప్రదర్శనకు పెడుతుంది. యుద్ధం మూలంగా రంగులు సరిగా దొరకని ఆ ఏడు మాత్రం, ఎవరి చేతిపని వాళ్ల పేరు మీదనే ఉండాలని రామలింగయ్య పట్టుపట్టాడు. అట్టముక్క మీద 'రంగులు: గుండయ్య' అని తానే రాసి గోడకు గుచ్చాడు. వంకరగా ఉందని తీసి మళ్లీ గుచ్చాను. ఇంకా వంకరగానే అనిపించి మళ్లీ తీశాను.

మా బస్తీల్లో బతికుండగా ఫోటో దిగినవాళ్లు తక్కువ. మనిషి పోయాకే ఇంటివాళ్లకు ఆ సంగతి గుర్తుకొస్తుంది. అప్పుడు స్టూడియో మనిషి కెమెరా మోసుకుపోయి, పోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు కట్టి ఫోటో తీసుకొస్తాడు. దాన్ని పెద్దది చేసి నా బల్ల మీద పడేస్తారు. మూసిన రెప్పల మీద నేను తెరిచిన కళ్లు వేస్తాను. చీర రంగు అడుగుతాను. నామమా, విభూతా అని అడుగుతాను. చెవులకు ఏముండేవో అడుగుతాను. పది రోజుల్లో మనిషి కుర్చీలో కూర్చుని మనల్ని చూస్తున్నట్టు ఉంటాడు. ఆ పటానికే బొట్టు పెడతారు, దండ వేస్తారు, కష్టసుఖాలు చెప్పుకుంటారు.

అట్లాంటివి మూడు, మూడిళ్ల నుంచి బతిమాలి తెచ్చాను. యాకుత్‌పురాలో బర్రెలు పెట్టుకుని పాలమ్మే ఆండాలు భర్త బుచ్చయ్యది ఒకటి. అలియాబాద్ నర్సింహ తల్లి మాణిక్యమ్మది ఒకటి. బట్టల కొట్టు బసవయ్యది మూడోది. బసవయ్య ఇంటివాళ్లు పటం ఇచ్చి ఊరికి పోయారు. మిగతా ఇద్దరినీ నాలుగింటికి రమ్మని నేనే పోయి చెప్పాను. నా పేరు గోడ మీద చూడమని చెప్పలేదుగాని, అందుకే పిలిచాను.

మధ్యాహ్నం మూడు పటాలూ వరసగా తగిలించి, సమంగా ఉన్నాయా అని నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను.

ముగ్గురూ ఒకే కళ్లతో నన్ను చూస్తున్నారు.

పోలిక కాదు. అవే కళ్లు. ముసలామెకు కాటుక ఉంది, బసవయ్యకు కనుబొమలు దట్టంగా ఉన్నాయి, అంతే తేడా. ముగ్గురికీ ఎడమ రెప్ప కొంచెం కిందికి వాలి ఉంది. నాకు వాలి ఉన్నట్టే.

పని నేర్పిన ఉస్తాద్ మొదటిరోజే బల్ల మీద గుండ్రటి అద్దం పెట్టి, "ఆంఖోఁ మే జాన్ డాలో మియా" అన్నాడు. కళ్లలో ప్రాణం పోయాలంటే బతికున్న కళ్లను చూడాలి కదా. అద్దంలో నన్ను నేను చూసుకుంటూ నేర్చుకున్నాను. తర్వాత అద్దం పగిలిపోయింది. చేతికి మాత్రం ఆ కళ్లే అలవాటయ్యాయి. ఏ ఇంట్లో పటం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు ఎవరికీ తెలియలేదు. నాకే తెలియలేదు. తెచ్చి పక్కపక్కన పెట్టింది నేనే.

మాణిక్యమ్మను తీసి ఆ చివరన పెట్టాను. బసవయ్య మీద ఎండ పడి పటం అద్దం మెరిసేటట్టు కిటికీ వైపు జరిపాను. బుచ్చయ్యను పైకెక్కించాను, మళ్లీ దించాను. గేటు దాకా పోయాను, బీడీ ముట్టించి సగంలో పారేసి వచ్చాను. ఎక్కడ పెట్టినా అట్లాగే చూస్తున్నారు.

"ఏందయ్యా, పిల్లి పిల్లలను తిప్పినట్టు తిప్పుతున్నవు?" అన్నాడు రామలింగయ్య. "మంచిగనే ఉన్నయి. కండ్లయితే మస్తు తీసినవు."

తీసేద్దామంటే గోడ మీద నా పేరు. ఉంచుదామంటే గడియారంలో మూడున్నర.

ఆండాలు చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. చేతిలో తడిగుడ్డలో చుట్టిన బంతిపూల దండ. భర్త పటం చూసి నవ్వింది.

"నమస్తే అన్నా. బతికున్నన్నాళ్లు బర్ల కొట్టం తప్ప ఏం చూడలే. ఇప్పుడు సూడు, పెద్దమనుషుల నడుమ ఎట్ల కూసుండో."

దండ వేసి పక్కకు తిరిగింది. "ఈ అవ్వ ఎవలు?"

"అలియాబాద్ నర్సింహ వాళ్ల అవ్వ."

"అచ్చం మా ఆయన లెక్కనే సూస్తది" అని మళ్లీ నవ్వింది. నవ్వుతూనే మూడో పటం దగ్గరికి పోయింది. అక్కడ నవ్వు ఆగింది. మళ్లీ భర్త దగ్గరికి వచ్చింది. మళ్లీ ముసలామె దగ్గరికి పోయింది. పాలల్లో నీళ్లు కలిస్తే చూపుతోనే పట్టేసే మనిషి, అంత తొందరగా మోసపోదు. నేను తల దించుకుని అట్టముక్క సర్దుతున్నాను.

"తల ఎత్తు అన్నా."

ఎత్తాను. చాలాసేపు చూసింది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుంది.

"ఆరేండ్ల సంది నీతోనా నేను మాట్లాడింది?"

"కావాలని చెయ్యలే చెల్లె. అద్దంల చూసి నేర్చుకున్న. చెయ్యికి అవే అలవాటయినయి."

"పొద్దుగాల పాలు పిండపోయే ముంగట చెప్పి పోత. కొడుకు మీద కోపమొస్తే చెప్పిన. జరమొచ్చి లేవలేకుంటే చెప్పిన. ఇంకా ఏమేమో చెప్పిన."

"నేను వినలే."

"ఎరుకే. విననోనికి చెప్పుకున్న."

రంగు గీకి మళ్లీ వేస్తానన్నాను. ఎన్ని రోజులు పట్టినా వేస్తానన్నాను. "ఆయన కండ్లు ఎట్లుండె, చెప్పు" అన్నాను. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఎవరినీ అడగలేదు నేను. గాజుల రంగు అడిగాను గాని.

ఆమె కళ్లు మూసుకుంది. "పెద్దగనే ఉండె," అంది. "లే, నవ్వితే చిన్నగయ్యేటియి... జెర ఆగు." ఆగాను. కిటికీ రెక్క కొట్టుకుంటుంటే పోయి మూసి వచ్చాను. ఆమె ఇంకా అట్లాగే నిలబడి ఉంది. చివరికి కళ్లు తెరిచింది.

"యాదికొస్తలేవు. ఎంత యాది చేసుకున్నా నీయే అడ్డమొస్తున్నయి."

బయట గేటు దగ్గర టాంగా ఆగింది. నర్సింహ గొంతు వినబడింది. టాంగావాడితో బేరమాడుతున్నాడు. ఆండాలుకు కూడా వినబడింది.

"గాయనేనా, అవ్వ కొడుకు?"

తల ఊపాను.

"తీసెయ్. ఇయి మూడు ఒక్కకాడ ఉండొద్దు. నాకయితే పోయినయి, గాయనకన్న వాళ్ల అవ్వ కండ్లు ఉండనీ."

నేను అట్టముక్క వైపు చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. అది ఆమె గమనించింది.

"నీ పేరు మీద నాకు పగ లేదన్నా" అంది. "అయినా తీసెయ్."

ముందు బసవయ్యను దించి గోనెసంచిలో పెట్టాను. మాణిక్యమ్మను దించి దుప్పటి చుట్టాను. బుచ్చయ్యను ఆండాలే దించుకుంది. రామలింగయ్య పరుగెత్తుకొచ్చాడు. "జనం వచ్చే యాళ్లకు ఏందయ్యా ఇది, ఒట్టి మేకులు చూపియ్యాల్నా?" అన్నాడు. అప్పటికే నర్సింహ లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు.

"మా అవ్వ ఏది గుండన్నా?"

"సంఘపోళ్లు వద్దన్నరు తమ్మీ" అన్నాను. "నా పనితనం సాలదట."

రామలింగయ్య నోరు తెరవబోయాడు.

"అవు, వద్దన్నరు. నా ముంగటనే అన్నరు" అంది ఆండాలు. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి గేటు వైపు నడిచాడు.

ఆమె పటాన్ని చంకకెత్తుకుంది. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "కండ్లు యాదికొస్తే తెస్త" అని, వెనక్కి చూడకుండా పోయింది.

నర్సింహ దుప్పటి విప్పాడు. తల్లి ముఖం మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు.

"వీళ్లకేం తెలుసు గుండన్నా. మా అవ్వ అచ్చం గిట్లనే సూసేది. ఆ కండ్లు సూడు, ఒక్కపారి సూడు."

నేను గోడకున్న అట్టముక్క పీకుతూ ఉండిపోయాను. అది ఊడి చేతిలోకి వచ్చాక కూడా అటు తిరగలేదు. తిరిగి తల ఎత్తితే నా కళ్లు పోల్చుకుంటాడు.