మంచం కింద టార్చిలైటు

నేను ఒక టార్చిలైటుని. మూడు బ్యాటరీలది. ఒంటి నిండా గీతలు తీర్చిన ఇత్తడి గొట్టం, దాని మీద తెల్లటి పూత, ముందు గుండ్రటి గాజు. ఇప్పుడు సెల్‌ఫోను వీపు మీద మినుకుమనే చుక్కని కూడా టార్చి అంటున్నారు. అననివ్వండి, నాకేం పోయింది! నన్ను చేతిలోకి తీసుకున్నవాడెవడూ ఆ మాట అనడు.

కార్ఖానాలో రేకు చుట్టారు, మర తిప్పారు, మెరిసేదాకా రుద్దారు. ఎవరో ఒకసారి వెలిగించి చూసి, సరే అన్నట్టు తలూపి అట్టపెట్టెలో పడేశారు. విజయనగరంలో ఒక టాకీసు యజమాని నన్ను కొని గేటు దగ్గరుండే అసిరయ్యకి ఇచ్చాడు. ఆట మొదలయ్యాక వచ్చేవాళ్ళకి చీకట్లో సీటు చూపించడం అసిరయ్య ఉద్యోగం. నా ఉద్యోగమూ అదే. బయట ఎంత పెద్దమనిషైనా తలుపు దాటి లోపలికొచ్చాక నా వెనక నడవాల్సిందే. ఆ గర్వం నాకింకా పోలేదు.

తర్వాత టాకీసు మూతపడి పెళ్ళిళ్ళ హాలయింది. అసిరయ్యకి ఒక శాలువా కప్పి, నన్ను చేతిలో పెట్టి పంపేశారు. ఆయన విశాఖపట్నంలో మధురవాడ పక్కన కొడుకు ఇంటికి చేరాడు. కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. ఇల్లు నడిపేది కోడలు వరహాలమ్మ. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది.

ఆ హోటలు చేతులు మారింది. కొత్త మేనేజరు వస్తూనే ఒక మాట చెప్పాడు. ఇకమీదట అంతస్తుకొక ఆడమనిషి చేతిలో వాకీటాకీ ఉంటుందట. అందులో ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పాలి, తన కింద పనిచేసేవాళ్ళకి ఇంగ్లీషులోనే పని పురమాయించాలి. పాతవాళ్ళకి పరీక్ష పెడతాను, తప్పినవాళ్ళు వేరేచోట పని చూసుకోవచ్చన్నాడు. వరహాలమ్మ జీతం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

ఆమె ఫోనులో పాఠాలు పెట్టుకుంది. పాఠం చెప్పే అమ్మాయి ఏదో ఒక వస్తువు తీసుకుని దాన్ని అటూ ఇటూ పెడుతూ చెప్పమంది. వరహాలమ్మ చేతికి అందింది నేనే! ఆన్ ద టేబుల్ అని బల్ల మీద పెట్టింది. అండర్ ద కాట్ అని మంచం కిందకి నెట్టింది. బిహైండ్ ద డోర్ అని తలుపు వెనక నిలబెట్టింది. తెలుగులో మీద, కింద, వెనక అనేవి వస్తువు పేరు చెప్పాక నెమ్మదిగా వచ్చి చేరతాయి. ఇంగ్లీషువాళ్ళవి అలా కాదు, పేరు రాకముందే వచ్చి కూర్చుంటాయి. బస్సులో చేతిరుమాలు వేసి సీటు ఆపుకునే జనం గుర్తొచ్చారు నాకు. ఒకప్పుడు ఊరందరికీ దారి చూపిన నేను మంచం కింద బొద్దింకల మధ్య పడుకుని ఇంగ్లీషు వింటున్నాను. ఏం చేస్తాం, ఖర్మ!

పరీక్ష రోజు రానే వచ్చింది. తువ్వాళ్ళు ఎక్కడున్నాయని మేనేజరు అడిగాడు. టార్చి బాత్రూములో ఉందని వరహాలమ్మ గడగడా ఇంగ్లీషులో చెప్పింది. దిండు ఎక్కడంటే టార్చి మంచం మీద ఉందంది. పాపం, ఆయన బాత్రూములోకి వెళ్ళి టార్చి కోసం వెతికాడట. నేర్చుకున్న ప్రతి ముక్కలోనూ నేనే ఉన్నాను మరి, నన్ను తీసేసి తువ్వాలు పెట్టడం ఆమెకి తోచలేదు. అంతటితో పోలేదు. ఎదురుగా ఉన్న కుర్రాడికి ఏదైనా పని చెప్పమంటే ఆమె తనే బకెట్టు అందుకుంది. వచ్చే నెల ఇంకొక్కసారి చూస్తానని మేనేజరు పంపేశాడు.

ఇంటికొచ్చి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, నన్ను తీసి గూట్లో పెట్టింది. నాకు రోషం వచ్చిన మాట నిజం. ఆ సాయంత్రం నుంచి గిన్నె, చీపురు, దుప్పటి, చెప్పులు, ఇంట్లో ఉన్నవన్నీ ఇంగ్లీషులో చోటు మారాయి. ఆ గండం గట్టెక్కింది. పని పురమాయించడమే రాలేదు. కమ్ ఇన్, గో అవుట్, బ్రింగ్ ఇట్ బ్యాక్, టేక్ ఇట్ అవే. గోడకి చెబితే గోడ కదలదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి ఎవరికీ పని చెప్పింది లేదు, అందరూ చెప్పింది చెయ్యడమే.

అసిరయ్య ఇదంతా చూసి లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. తనకి పని చెప్పమన్నాడు. వరహాలమ్మ నాలుక కరుచుకుంది. మావ పేరైనా నోటితో పలకని కోడలు ఆమె. ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని ఎరగదు.

"నీకు పని సెప్పడమేటి మావా, తప్పు కాదా?" అంది.

"బతుకంతా ఒచ్చినోడినల్లా కూకోమన్నాను, జరగమన్నాను, లెగమన్నాను. ఏ ఒక్కడూ తప్పనుకోలేదు. ఇప్పుడు నువ్వు సెప్పు, నాను కూకుంటాను. సెప్పు, అమ్మీ."

సిట్ డౌన్ అంది, తనకే వినిపించనంత మెల్లగా. ఆయన కదల్లేదు. మళ్ళీ అంది. కదల్లేదు. మూడోసారి కళ్ళు మూసుకుని గట్టిగా అంది. ఆయన కూర్చున్నాడు.

ఇక రోజూ అదే వరస. కమ్ ఇన్ అంటే లోపలికి, గో అవుట్ అంటే వీధిలోకి. బిందె తెమ్మంటే తెచ్చేవాడు, తీసుకుపొమ్మంటే తీసుకుపోయేవాడు. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూనే మళ్ళీ చెప్పమనేవాడు. కోడలు మావని ఆడిస్తోందని వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళ బుగ్గలు, వాళ్ళ ఇష్టం. వరహాలమ్మ వినిపించుకోలేదు.

రెండో పరీక్షలో మేనేజరు అడిగినవాటికల్లా జవాబు చెప్పింది. తువ్వాళ్ళు అలమరలో ఉన్నాయి, చెప్పులు తలుపు దగ్గరున్నాయి. కుర్రాణ్ణి పిలిచి బకెట్టు బయటికి తీసుకెళ్ళమంది, కొత్త దుప్పటి తెమ్మంది. వాడు పరుగెత్తాడట. సాయంత్రం నడుముకి వాకీటాకీతో గుమ్మంలోకి వచ్చి, నవ్వు ఆపుకోలేక ఇదంతా చెప్పింది. రేపట్నుంచి ఆ అంతస్తులో ఆడవాళ్ళందరికీ పని చెప్పేది తనే. వాళ్ళలో కొత్తగా చేరిన, ఇంగ్లీషు ముక్క రానివాళ్ళే ఎక్కువట. ఎలా అరవాలో కూడా మేనేజరు చేసి చూపించాడట.

అసిరయ్య నవ్వలేదు.

"అరవకు. సీకట్లో ఒచ్చినోడి మొకం మీద లైటు కొట్టకూడదే, అమ్మీ. కాళ్ళ కాడ కొట్టాల. ఆడే నడుస్తాడు."

వరహాలమ్మ తలూపింది. అన్నేళ్ళు ఆయన చేతిలో కిందికి వంగి వెలిగింది నేనే. ఎందుకు వంచేవాడో గూట్లో కూర్చున్న ఆ సాయంత్రం తెలిసింది నాకు.