ఎర్రదారం కట్టిన పిల్ల

శకుంతలమ్మకు కోపం రావడం జమ్మలమడుగులో కొత్తేమీ కాదు. కూరగాయల బండివాడు తూకంలో చెయ్యి పెడితే వీధంతా వినేలా కడిగేస్తుంది. కానీ ఆ ఆదివారం పొద్దున ఆమె గొంతు పెంచనే లేదు. ఆ నెమ్మదే రామమోహన్ కొంప ముంచింది.

పదిహేనేళ్లుగా ఆమె పెరట్లో ల్యాబ్రడార్ కుక్కల్ని పెంచుతోంది. శకుంతలమ్మ ఇంటి పిల్ల అంటే ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా మారుమాట లేకుండా తీసుకుపోతారు. తన ఆడకుక్క గువ్వకు రెండుసార్లూ పులివెందుల రామమోహన్ గారి సుల్తాన్‌తోనే క్రాసింగ్ చేయించింది. సుల్తాన్ పోటీల్లో మూడు కప్పులు కొట్టిన మగకుక్క. రామమోహన్ దుడ్లు అడగడు. పుట్టినవాటిలో మొదటి పిల్ల మాత్రం తనే ఏరుకుంటాడు. నెల నిండగానే వచ్చి, నచ్చినదాని మెడకు ఎర్రదారం కడతాడు. దారం పడ్డాక ఇటువాళ్లు గానీ అటువాళ్లు గానీ మాట మార్చరు. ఈసారి ఐదింటిలోకీ బొద్దుగా, తేనెరంగులో ఉన్నదానికి కట్టి మీసం దువ్వుకుంటూ పోయాడు.

ఆ వారమే పెండ్లిమర్రి నుంచి ఫోన్ వచ్చింది. గువ్వ మొదటి ఈత పిల్ల ఒకటి అక్కడ పెరుగుతోంది. రెండేళ్లు నిండాయో లేదో, మునిమాపు వేళ మంచంకోళ్లకు గుద్దుకుంటోందట. శకుంతలమ్మ వెళ్లి చూసింది. అది ఆమె గొంతు గుర్తుపట్టి ఉరికొచ్చి, దారిలో ఉన్న మంచానికే కొట్టుకుంది.

మరునాడే ప్రొద్దుటూరు పశువుల డాక్టరు సుప్రియను పిలిపించింది. సుప్రియ దూదిపుల్లతో గువ్వకూ ఐదు పిల్లలకూ బుగ్గ లోపల రుద్ది, ల్యాబ్‌కు పంపింది. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. వంశంలో వచ్చే కంటిజబ్బు. లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే చూపు పోతుంది. ఒక్కటే ఉన్న కుక్కకు ఏమీ కాదు, కానీ పిల్లలకు ఇవ్వగలదు. గువ్వలో ఒకటుంది. నాలుగు పిల్లల చూపుకు భయం లేదు. ఎర్రదారం పిల్లలో రెండూ ఉన్నాయి. ఆ రెండోది సుల్తాన్ ఇచ్చిందే, ఆకాశం నుంచి ఊడిపడలేదు.

రామమోహన్‌కు ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పింది.

"చించి పొయ్యిలో పెట్టక్కా. నా సుల్తాన్‌తో క్రాసింగ్ కోసం ఎనిమిదిమంది వరసలో ఉండారు. నోరు తెరిస్తే ఈ మూడూర్లల్లో నీ తావ ఒక్క పిల్లను కొనరు, చెప్తాండా."

ఆమె భయపడింది. అబద్ధమెందుకు? ఆ పేరు తప్ప ఆమెకింకేముంది? కానీ పెండ్లిమర్రి మంచం కళ్లముందు నుంచి కదిలితేనా!

ఆదివారం రామమోహన్ కారులో దిగాడు. సుల్తాన్ పిల్లల్ని చూపించి మురిపిద్దామని, వరసలో ఉన్నవాళ్లలో ముగ్గురిని వెంటేసుకొచ్చాడు. ఆమె నోరు మూసుకుందనే అనుకున్నాడు పాపం. ఆమె కుర్చీలు వేసింది, కాఫీ ఇచ్చింది, రిపోర్టు తీసి ముందు గువ్వ సంగతి, తర్వాత పిల్లల సంగతి చదివి వినిపించింది.

రామమోహన్ పకపకా నవ్వాడు. "దూదితో బుగ్గ రుద్దితే కండ్ల జబ్బు తెలుస్తాదంట! దొంగ రిపోర్టు."

"సరేప్పా, దొంగదే అనుకుందాం. నీ పిల్లను ఎత్తుకో," అని ఆమె ఎర్రదారం పిల్లను తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

అతను దాన్ని చటుక్కున కిందికి దించాడు. "ఇది వద్దులే అక్కా. ఆ నల్లదాన్నియ్యి."

వచ్చిన ముగ్గురిలో గౌస్ మొహిద్దీన్, ప్రొద్దుటూరులో బట్టల కొట్టాయన, కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏందన్నా, రిపోర్టు దొంగదైతే పిల్లనెందుకు మారుస్తాండావు?"

"రంగు నచ్చలే."

"దారం కట్టిన పొద్దు నచ్చిండ్లేదా ఈ రంగు?"

మిగతా ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. రామమోహన్ మొహం కందగడ్డయింది.

"నల్లదీ లేదు, తెల్లదీ లేదు," అంది శకుంతలమ్మ. "సుల్తాన్‌కు టెస్టు చేయించి, ఆ కాగితం ఈ ముగ్గురికీ చూపించు. ఆ పొద్దు వచ్చి నల్లదాన్ని తీసుకపో. గువ్వ రిపోర్టు నేను నా వాకిట్లోనే అతికిస్తా."

"పదిహేనేండ్ల పేరు మట్టిగొట్టుకపోతాది, చూస్కో!"

"పోనీ! ఆడ పెండ్లిమర్రిలో పిల్లకు చూపే పోతాంది. నా పేరు దానికంటే ఎక్కువా?"

అతను విసురుగా వెళ్లి కారెక్కాడు. ఇద్దరు వెనకే వెళ్లారు. గౌస్ మాత్రం లేవలేదు.

"నేను బస్సుకు పోతాలేన్నా," అని అరిచి, శకుంతలమ్మ వైపు తిరిగాడు. "ఆ డాక్టరమ్మ నంబరు ఇయ్యక్కా. ముందు మా కుక్కకు చేయిస్తా."

నంబరు ఇచ్చాక ఆమె పిల్లను ఒళ్లోకి తీసుకుని, మెడకున్న దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికేసింది. అది ఆమె బొటనవేలు పట్టుకుని గుంజింది.

"నువ్వు ఈడే ఉంటావు. చూపుండంగానే ఈ ఇల్లంతా మూలమూలా నేర్చుకో," అంది. "ఇంక ఈ ఇంట్లో ఒక్క మంచాన్నీ జరపను."