గంట లేని మంచం

ఆసుపత్రి వార్డుల్లో రోగులు నొక్కే పిలుపు గంటలు తయారుచేసే కంపెనీలో చెల్లెలికి ఉద్యోగం. ఆ గంటలు పెట్టిన ఒక ఆసుపత్రిలోనే అక్క నర్సు. పోయిన వారం చివరి మంచం మీది పెద్దాయన గంట నొక్కాడు. అక్క వెళ్లేసరికి ప్రాణం పోయింది. విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. తప్పు గంటదో మనిషిదో చెప్పమని కంపెనీని అడిగారు.

చెల్లెలు వార్డునంతా కంప్యూటర్లో నమూనాగా కట్టింది: మంచాలు, గంటలు, ఒకే ఒక్క నర్సు. గంట మోగిన ప్రతిసారీ ఐదు నిమిషాల్లోపు నర్సు అక్కడుండాలని నియమం పెట్టింది. నమూనా ఆ నియమం తప్పింది. అప్పుడు దాన్ని మరమ్మతు ప్రోగ్రాంకు అప్పగించింది. నియమం నెరవేరేదాకా నమూనాను తనంతట తానే మార్చడం దాని పని.

కాసేపటికి తెర మీద పచ్చగుర్తు పడింది.

"అయిపోయిందిగా, పంపించెయ్యమ్మా," అన్నాడు మేనేజరు.

ఏం మార్చిందో చూసేసరికి ఆమెకు ఒళ్లు మండింది. చివరి మంచానికి గంటే పీకేసింది మహాతల్లి! మోగని గంటకు ఆలస్యమెక్కడిది? ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదని దానికెవరు చెప్పారో! అయినా దాన్ననేం లాభం, తను అడిగిందే అంతవరకు.

ఏ మంచం మీదివారైనా ఎప్పుడైనా గంట నొక్కగలగాలని రెండో నియమం చేర్చింది. ప్రోగ్రాం చాలాసేపు గింజుకుని చేతులెత్తేసింది. నర్సు ఒక్కరే అయితే ఏం మార్చినా కుదరదంది. ఇద్దర్ని పెడితే సరిపోయింది.

"నర్సుల సంగతి మనకెందుకమ్మా?"

"అడిగింది వాళ్లే కదా సార్. ఉన్నదే చెబుదాం."

మేనేజరు గొణుక్కుంటూనే నివేదిక మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అక్క గిన్నెలు తోముతోంది.

"నీ తప్పు లేదక్కా! ఒక్క మనిషివల్ల అయ్యే పని కాదని తేలిపోయింది." చెల్లెలు గుమ్మంలోంచే సంతోషంగా చెప్పేసింది.

అక్క కొళాయి కట్టేసింది. "ఉద్యోగం ఉంటుందంటావా?"

"ఎందుకుండదు?"

"మంచిదే." తడి చేతులతో అలాగే నిలబడింది. "ఆ గంట నేను విన్నానే. ఇంకొకావిడకి రక్తం ఆగట్లేదు, అదిమిపట్టుకుని కూర్చున్నా. వస్తున్నా తాతా అని అరిచా. మోగుతూనే ఉంది. కాసేపటికి ఆగిపోయింది."

చెల్లెలు దగ్గరికొచ్చి భుజం పట్టుకుంది.

"ఆగగానే హమ్మయ్య అనుకున్నానే," అంది అక్క.