పడవ వాటా

చెవిలోంచి నెత్తురు కారుతున్నా దాలయ్య టూరిస్టు చెయ్యి వదల్లేదు. నీటి అడుగునుంచి పైకి తెచ్చి, పడవెక్కించి, ఒడ్డుకు చేరాకే ఇసుకలో కూలబడ్డాడు. ఆ రోజు మధ్యలో ఆగనివ్వకుండా అతని చేత మునక మీద మునక వేయించి చెవి పాడుచేసింది ఓనరు నగరేశ్వరరావు. పాతపట్నంలో బట్టల కొట్టున్న షావుకారు, మా భావనపాడులో టూరిస్టులకు సముద్రం అడుగు చూపించే ఈ డైవింగ్ పడవ పెట్టి, మమ్మల్ని జీతానికి కుదుర్చుకున్నాడు. ఇసుకలో పడున్న దాలయ్యను వచ్చి చూశాడు. "టిప్పుల డబ్బా ఉంది కదా, అందులోంచి తీసి డాక్టరుకి చూపించుకోండి" అనేసి కారెక్కాడు.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. చదువుకునే పిల్లల్లారా, మీరూ ఎక్కడో టిప్పు ఇచ్చే ఉంటారు, మంచి పని చేశామనుకునే ఉంటారు. మా ఊళ్లో వేటకెళ్లొస్తే పట్టిన చేపల్లో పడవకో వాటా తీసి పడవగలాయనకిస్తాం. తాతల నాటి పద్ధతి. మొదటిసారి టూరిస్టు మా చేతిలో టిప్పు పెడితే, ఎవరూ అడక్కుండానే అందులోనూ పడవ వాటా తీసి షావుకారుకిచ్చాం. అంత బుద్ధిమంతులం మేము! ఆయనకు దారి దొరికింది. టిప్పులన్నీ డబ్బాలో వెయ్యమన్నాడు. ఆనక, టిప్పులొస్తుంటే జీతమెందుకన్నాడు. జీతం పోయింది. డబ్బా తాళం గిరిబాబుకిచ్చాడు. గిరిబాబు మావాడే. టూరిస్టులకు చేపలు వేయించి పెట్టే లక్ష్మణమ్మ కొడుకు. డైవింగ్ సర్టిఫికెట్ తెచ్చుకుని సూపర్‌వైజరయ్యాడు. తాళం మావాడి దగ్గరుంటే మా దగ్గరున్నట్టేనని నమ్మాం.

మర్నాడు సాయంత్రం వలలు బాగుచేసుకునే పాకలో అందరం చేరాం, చెవికి కట్టుతో దాలయ్య కూడా వచ్చాడు. గిరిబాబు డబ్బా తెరిచాడు. లోపల ఏమీ లేదు.

"ఇంజను రిపేరుకని ఓనరు పట్టుకెళ్లాడు. నానేటి సెయ్యను?" అన్నాడు తలొంచుకుని.

"మాకొక మాట సెప్పాల గదరా," అన్నాను.

దాలయ్య కూతురు గౌరి లేచింది. "ఆపరేషను సెయ్యకపోతే మా అయ్యకి ఆ సెవి పోతాదని డాక్టరు సెప్పాడు. ఇకమీద టిప్పులో పడవకి వాటా లేదు. జీతం జీతమే."

"పడవ వాటా ఎగ్గొడితే తప్పు కాదేటే?" అన్నాడు ముసలి కొండబాబు.

"సేపలకైతే పడవా, వలా పనిసేస్తాయి మావా, వాటా ఉన్నాది. నీళ్లకింద టూరిస్టు బయపడి పట్టుకున్నది పడవనా, మా అయ్య సెయ్యినా?"

కొండబాబు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "సెయ్యినే," అన్నాడు చివరికి.

జీతాలు, దాలయ్య వైద్యం ఖర్చు ఇచ్చేదాకా పడవను నీళ్లలోకి తొయ్యకూడదని తీర్మానించాం. ఒడ్డు మీది పడవ కెరటాల్లోకి దిగాలంటే ఊరి భుజాలన్నీ కావాలి. అందరికంటే ముందు ఒట్టేసింది గిరిబాబే. దాలయ్య కాళ్లు పట్టుకుని, "నీ మీదొట్టు మావా, నానూ తొయ్యను," అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

పొద్దున్నే షావుకారు కారు, దాని వెనకే పోలీసు జీపు వచ్చాయి. జీపు ముందు సీట్లోంచి గిరిబాబు దిగాడు. గౌరిని, కొండబాబుని, నన్ను వేలు పెట్టి చూపించాడు. పాకలో ఎవరేమన్నదీ పొల్లుపోకుండా ఎస్సైకి అప్పజెప్పాడు. షావుకారు ముంచితే కోపమొచ్చింది. వీడు ముంచితే కోపం కూడా రాలేదు.

మమ్మల్ని జీపెక్కించి అక్కడే ఉంచారు.

"ఒరే, వచ్చి పడవ తొయ్యండర్రా. మీమీద కేసు లేకుండా నాను సూస్తాను," అని గిరిబాబు మిగతావాళ్లను పిలిచాడు. ఎవరూ లేవలేదు. ఎస్సై చెబితే కానిస్టేబుళ్లు వచ్చి భుజాలు ఆనించారు. ఇద్దరు టూరిస్టులు కూడా చేతులు వేశారు. పడవ కొంచెం జరిగింది.

లక్ష్మణమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ పడవకు ముందు, సముద్రం వైపు వెళ్లింది. తడి ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"అమ్మా, లెగు. పరువు తియ్యకు," అన్నాడు గిరిబాబు.

"పరువేటిరా? పుస్తెలమ్మి సదివించాను నిన్ను. దాలయ్య నీకు ఈత నేర్పాడు. ఇప్పుడు తొయ్యి. నా మీంచి తొయ్యి."

ఎండుచేపల దగ్గరున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. టూరిస్టులు చేతులు తీసేశారు. తర్వాత కానిస్టేబుళ్లు తీసేశారు. గిరిబాబు ఒక్కడూ పడవకు చేతులానించి నిలబడ్డాడు.

"తొయ్యరా," అంది లక్ష్మణమ్మ.