మూతి విప్పని ఆల్చిప్పలు

పార కింద ఏదో కరకరమనేసరికి ఆల్టన్ మెరో చెయ్యి ఆగింది.

రైతు సంఘం హాలుకి వసారా పొడిగించడంతో పాత గొయ్యి దాని కిందికి పోయింది. అందుకని ఈసారి పెరట్లో కొత్త గొయ్యి తవ్వుతున్నారు. ఏటా జులైలో ఊరంతా కలిసి చేసుకునే విందుకి బీన్స్ గింజలు ఉడికేది గోతిలోనే. రాళ్ళు పేర్చి, మంట వేసి, నిప్పుల మధ్య ఇనప డేగిసా దించి, పైన మట్టి కప్పేస్తారు. మర్నాడు తీస్తే బెల్లప్పాకం, పంది మాంసం బీన్స్‌లో కలిసిపోయి ఊరంతా ఘుమఘుమలాడుతుంది. ఆ డేగిసాకి అధికారి వెర్నా హాచ్. ఆవిడ అనుమతి లేనిదే మూత మీద ఈగ కూడా వాలదు.

నడుము లోతులో నీలి బంకమట్టి తగిలింది. దాని నిండా ఆల్చిప్పలు.

"ఇక్కడికి సముద్రం గంట ప్రయాణం కదయ్యా, ఇవెలా వచ్చాయి?" అన్నాడు గట్టు మీద కూర్చుని పర్యవేక్షిస్తున్న పర్లీ.

ఆల్టన్ కళ్ళు మెరిశాయి. "మన తాతలు బళ్ళమీద తెచ్చి వండుకు తిన్నారు. తిని ఇక్కడే పారేశారు. నేను మొదట్నుంచీ చెప్పట్లేదూ? ఈ ఊరి విందంటే ఆల్చిప్పల విందే. బీన్స్ తరవాత దూరాయి."

ఆల్టన్‌ది సముద్రపు ఒడ్డున పుట్టిన ఒళ్ళు. తండ్రి ఆల్చిప్పలు తవ్వి అమ్మేవాడు. నాచు పరిచి, వేడి రాళ్ళ మీద వాటిని ఆవిరికి ఉడికించడం అతనికి కళ్ళు మూసుకున్నా వచ్చు. భార్య థెల్మా ఉన్నన్నాళ్ళూ విందు రోజున ఇద్దరూ వంటింట్లో చాకిరీ చేసేవాళ్ళు. ఆమె పోయాక అతన్నెవరూ పని చెయ్యనివ్వడం లేదు. కుర్చీ వేసి, ఒళ్ళో పళ్ళెం పెట్టి వెళ్ళిపోతున్నారు. అంత దయ భరించడం కష్టంగా ఉంది. ఆల్చిప్పల విందైతే తను లేనిదే జరగదు. అతనికి కావలసింది అదే.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. దాణా కొట్టు దగ్గర వెర్నా అతన్ని పట్టుకుంది.

"ఏం ఆల్టన్, నా డేగిసా మీద కన్నేశావట?"

"నేను కాదు వెర్నా, చరిత్ర."

"చరిత్రకి అంత ఆకలిగా ఉంటే బుధవారం మీటింగుకి రమ్మను. చేతులెత్తించి తేలుద్దాం."

మీటింగులో చూపించడానికి ఆల్టన్ ఒక బకెట్టెడు ఆల్చిప్పలు ఇంటికి తెచ్చి, థెల్మా పిండి జల్లెడలో వేసి కడగసాగాడు. మొదటిది రెండు చిప్పలూ కరుచుకుని ఉంది. చాకు పెట్టి తెరిస్తే లోపల నీలి మట్టి తప్ప ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. మసి లేదు, బొగ్గు లేదు.

చాకు కింద పెట్టేశాడు. మూతి విప్పకుండా ఆల్చిప్పని తిన్న మొనగాడెవడు? పైగా అవి గోతిలో నిటారుగా నిలబడి ఉన్నాయి, బతికున్నప్పుడు బురదలో నిలబడ్డట్టే. ఇవి ఎవరో తెచ్చినవి కావు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పోయినవి. అంటే సముద్రమే ఈ ఊరిదాకా వచ్చి ఉండాలి.

విరిగినవి మాత్రమే తీసుకెళ్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన బకెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, సిగ్గుపడి పోయింది.

మీటింగులో పర్లీ ముందే అరిచాడు, "ఆల్చిప్పలకి ఎంతమంది?" సగానికి పైగా చేతులు లేచాయి. వెర్నా మొహం మాడిపోయింది.

"దించండి, దించండి," అంటూ ఆల్టన్ మూసుకున్న ఆల్చిప్పని బల్ల మీద పెట్టి, అందరి ముందూ తెరిచాడు. "తాతలు తిన్నారన్నది నా కోత. వీటినెవరూ ముట్టుకోలేదు."

"నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పుకుంటున్నావా?" అంది వెర్నా.

"చెప్పక తప్పుతుందా? మా నాన్న పైనుంచి చూస్తుంటాడు."

హాలంతా గొల్లున నవ్వింది. స్కూల్లో సైన్సు చెప్పే కమిల్ వెలెట్ మాత్రం ఆ చిప్పని చేతిలోకి తీసుకుని లోపలి మట్టిని వేలితో నలిపింది. "ఈ నేలని కప్పిన మంచు కరిగి వెనక్కి పోయినప్పుడు సముద్రం ఇక్కడిదాకా వచ్చింది ఆల్టన్ గారూ. పదమూడు వేల ఏళ్ళ కిందటి మాట. ఈ మట్టి కడిగితే ఇంకా చిన్నవి దొరుకుతాయి. కడగడానికి ఓపికుందా?"

"నాకున్నదే అది," అన్నాడు ఆల్టన్.

తరవాతి రెండు రోజులూ జల్లెడ మీద పలచటి గుడ్డ పరిచి మట్టి కడిగాడు. బంక పోగా చిటికెడు రవ్వ మిగిలింది. కమిల్ స్కూలు మైక్రోస్కోపు కింద పెడితే ఆ రవ్వలో కొన్ని పలుకులు గవ్వలై కూర్చున్నాయి. ఒకటి నత్తలా చుట్టుకుంది, ఒకటి సీసాలా ఉంది, ఇంకోటి ముత్యాలు గుచ్చినట్టుంది. ఒక్కో పలుకూ ఒకప్పుడు ఒక ప్రాణికి ఇల్లు.

శనివారం విందు బీన్స్‌తోనే జరిగింది, ఆ మైక్రోస్కోపు కూడా హాల్లోకి వచ్చింది. దాని పక్కన నిలబడాల్సినవాడు ఆల్టనే. తడిపిన కుంచెతో గవ్వని అద్దం కిందికి జరపడం, మర తిప్పడం, "కన్ను ఆనించకు నాయనా, కాస్త ఎడంగా" అనడం, అన్నీ అతనే. లైను తలుపు దాటి పెరట్లోకి పాకింది.

వెర్నా గరిటెతోనే వచ్చింది. "నా బీన్స్ చల్లారిపోతున్నాయి. జనాన్నంతా ఇక్కడ కట్టి పడేశావు. పక్కకి జరుగు, ఏముందో చూస్తాను."

ఒక కన్ను గట్టిగా మూసుకుని వంగింది. గరిటెలోంచి పాకం నేల మీద కారుతున్నా చూసుకోలేదు.

"ఇవన్నీ నా గోతిలోవా?"

"నీ గోతిలోవే."

"అయితే ఇవీ నావే. కదలకు, ఇంకా చూడాలి."

ఆల్టన్ లైనులో వాళ్ళవైపు తిరిగి, ఏం చెయ్యనన్నట్టు చేతులు చాపాడు. తను ఇంకా ఏమీ తినలేదనీ, ఒళ్ళో పళ్ళెం పెట్టినవాళ్ళే లేరనీ అప్పుడు గుర్తొచ్చి, ఎందుకో హాయిగా అనిపించింది.

"కాస్త ఆగండమ్మా," అన్నాడు, "ఈవిడది కానివ్వండి."